ఉప్పునీటి ఊట దావా: జడ్జి మీద పక్షపాతం అనుమానం ఉంటే అప్పీలా, ట్రాన్స్‌ఫర్ ఓపీయా?

గట్టుమీద_కొబ్బరి:
కోనసీమలో ఒక సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఉన్న దావా అండి. పక్కనున్న రొయ్యల చెరువు నుంచి ఉప్పునీరు ఊటగా దిగి వరిచేను చవుడు బారుతోందని శాశ్వత ఇంజంక్షన్‌కీ, నష్టపరిహారానికీ వేసింది. వాది తరఫున అడుగుతున్నా. స్థలం చూసి రిపోర్టు ఇచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ని వెయ్యమన్న ఐఏ (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషన్) కొట్టేశారు. ప్రతివాదికి క్రాస్ (మా సాక్షిని ఎదురు ప్రశ్నలు అడగడం) కోసం వాయిదా మీద వాయిదా ఇచ్చారు, వాది రెండో సాక్షి ఒక్కసారి రాకపోయేసరికి ఎవిడెన్స్ క్లోజ్ చేశారు. ఐఏ వాదనల్లో "చెరువులు లేకపోతే ఈ ఊళ్లు ఎలా బతుకుతాయి" అని హాల్లో పైకే అన్నారు. అప్పీలుకెళ్లి, జడ్జి పక్షపాతం చూపించారు కాబట్టి ఆర్డర్లన్నీ కొట్టెయ్యండి అని అడగొచ్చా? అలా రాస్తే కోర్టు ధిక్కారం అవుతుందా?

డాకెట్_చూడండి:
మూడు వేరే పనుల్ని ఒకే కాగితం మీద పెట్టకండి. కమిషనర్ ఐఏ కొట్టేసిన ఆర్డరు, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 43లో ఉన్న అప్పీలు చెయ్యదగ్గ ఆర్డర్ల జాబితాలో లేదు, దాని మీద అప్పీలు ఉండదు. రాజ్యాంగం 227 అధికరణం కింద హైకోర్టులో సివిల్ రివిజన్ (కింది కోర్టు ఆర్డరు సరిచూడమనే పిటిషన్) వెయ్యాలి. దీనికి చట్టం గడువు పెట్టలేదు గానీ, నెలలు గడిపి వెళ్తే ముందు ఆ జాప్యానికే జవాబు చెప్పుకోవాలి. అందులో పక్షపాతం మాట ఎత్తొద్దు. స్థలం చూస్తే తప్ప తేలని విషయానికి ఆర్డర్ 26 రూల్ 9 ఎందుకు వర్తిస్తుందో చెప్పండి, అంతే.

ఎవిడెన్స్ క్లోజ్ చేశారంటే ముందు అదే కోర్టులో రీఓపెన్ పిటిషన్ వెయ్యండి, సాక్షి ఎందుకు రాలేదో కాగితం జతచేసి. వెయ్యకుండా పైకెళ్తే "అక్కడ అడిగారా?" అంటారు, దానికి జవాబుండదు.

ఇక పక్షపాతానికి దారి సీపీసీ సెక్షన్ 24, ట్రాన్స్‌ఫర్ ఓపీ, అంటే దావాని వేరే కోర్టుకి మార్చమనే పిటిషన్. మీకు రాజమహేంద్రవరం ప్రిన్సిపల్ జిల్లా కోర్టులో. తన కింది కోర్టుల మధ్య మార్చే అధికారమే జిల్లా జడ్జికి ఉంటుంది, వేరే జిల్లాకి కావాలంటే హైకోర్టే. మారినా పాత ఆర్డర్లు వాటంతటవే పోవు. కొత్త కోర్టు మొదటి నుంచీ విచారించొచ్చు, ఆగినచోటి నుంచీ కొనసాగించొచ్చు.

నోట్_ఫైల్:
పై మాటకు తోడు, నిలిచే ఓపీకీ కొట్టేసే ఓపీకీ తేడా అఫిడవిట్‌లోనే ఉంటుందండి. "జడ్జిగారు ప్రతివాదితో కుమ్మక్కయ్యారు" అని రాస్తే, ఆధారం లేకుండా అన్నందుకు సంతకం పెట్టిన వకీలుకీ చిక్కే. ఎం.వై. షరీఫ్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, సరిచూసుకోకుండా సంతకం చేసిన వకీలూ ధిక్కారానికి బాధ్యుడేనని. దాని బదులు ఇలా రాయండి: "ఫలానా తేదీన ఐఏ వాదనలో, ఇరుపక్షాల వకీళ్ల సమక్షంలో ఈ మాట అన్నారు. అదే రోజు మెమో దాఖలు చేశాం. డాకెట్‌లో ఇలా నమోదైంది." అన్న మాట అన్నట్టే, విశేషణాలు వద్దు. (మెమో అంటే కోర్టుకి రాసిచ్చే చిన్న కాగితం, డాకెట్ అంటే ప్రతి వాయిదాకీ కోర్టు రాసే నమోదు.)

మెమో వేశారా? లేకపోతే ఆ మాట రికార్డులో ఉండదు. ఓపీ వేస్తే ఆ జడ్జిగారి రిమార్కులు తెప్పిస్తారు, అలా అనలేదని వస్తే మీ మాటకి ఎదురు మాట, ఓపీ అక్కడే ఆగుతుంది. ఫోన్‌లో రికార్డ్ చేద్దామని మాత్రం అనుకోకండి.

వాయిదాల తేడా మీ బలమైన పాయింటు. డాకెట్ షీటు మొత్తానికి సర్టిఫైడ్ కాపీ తీసి, ఎవరికి ఎన్ని వాయిదాలు, ఏ కారణం మీద, ఖర్చులు వేశారా లేదా అని తేదీలవారీ పట్టిక కట్టండి. ఐఏ ఓడిపోవడం దానంతట అది పక్షపాతం కాదు. జడ్జి సాక్షిని ప్రశ్నలడగడమూ కాదు, పాత ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 165, ఇప్పుడు దాని బదులొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 168, ఆ హక్కు ఇస్తాయి.

ఆలస్యం చెయ్యొద్దు. మాణక్‌లాల్ కేసులో (1957) విచారణ ట్రిబ్యునల్ చైర్మన్ గతంలో ఎదుటి పక్షానికి వకీలుగా నిలబడినవారు. అభ్యంతరం సరైనదేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ తెలిసీ మొదట్లో నోరెత్తలేదు కాబట్టి ఆ హక్కు వదులుకున్నట్టే అంది. తీర్పు వచ్చాక ఎత్తితే మీకూ అదే జవాబు వస్తుంది.

గట్టుమీద_కొబ్బరి:
మెమో వెయ్యలేదండి. ఓపీ వేస్తే కింద విచారణ ఆగుతుందా?

డాకెట్_చూడండి:
ఆగదు. ఓపీతో పాటు స్టే కోసం వేరే ఐఏ వెయ్యాలి, స్టే వచ్చేదాకా ప్రతి వాయిదాకీ హాజరవ్వాలి. ఓపీ నంబరుతో మెమో వేసి టైము అడగండి, ఇవ్వకపోయినా సాక్షిని హాల్లో ఉంచండి. ఓపీ వేశాం కదా అని ఇంట్లో కూర్చుంటే దావా డిఫాల్ట్‌లో (గైర్హాజరు కింద) కొట్టేస్తారు.

మెమో లేదు కాబట్టి ఆ వ్యాఖ్య మీదే ఓపీ నిలబెట్టకండి, వాయిదాల పట్టికని ముందు పెట్టండి. జడ్జిగారు ఆ కోర్టుకొచ్చి ఎన్నాళ్లయిందో కూడా కనుక్కోండి. వేసవి బదిలీల్లో ఆయన వెళ్లిపోతే ఓపీకి పని లేదు. హైకోర్టు విజిలెన్స్‌కి ఫిర్యాదు వేరే దారి. ప్రమాణపత్రం, సరిచూడదగ్గ వివరాలు ఉండాలి, దానివల్ల కేసు మాత్రం వేరే కోర్టుకి పోదు. ధిక్కారం భయం గురించి అడిగారు: 1971 కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 6 కింద, కింది కోర్టు జడ్జి మీద హైకోర్టుకి సద్బుద్ధితో చెప్పుకుంటే ధిక్కారం కాదు. అదే మాట ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ రక్షణ లేదు.

చవుడు_మడి:
న్యాయం సంగతి వాళ్లు చెప్పారు, నేను నేల సంగతి చెప్తా. కమిషనర్ రివిజన్‌ని ఓపీ కోసం ఆపకండి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యి కాలువలు కట్టేశాక చేను ఆరినప్పుడే ఉప్పు తెల్లగా పైకి పేరుతుంది, తొలకరి వానకి కడుక్కుపోతుంది. హైకోర్టులో అర్జెంటు అని చెప్పడానికి అదే కారణం. ఈలోపు చెరువు గట్టు వారనా, చేను మధ్యా, అవతలి గట్టు దగ్గరా మట్టి తీయించి ఈసీ పరీక్ష (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పేది) చేయించండి. గట్టు దగ్గర ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తక్కువ వస్తే ఊట ఎటునుంచో ఆ అంకెలే చెబుతాయి. తీసేటప్పుడు అవతలి పక్షానికి ముందుగా నోటీసు ఇవ్వండి, లేకపోతే మట్టి ఎక్కడిదో అంటారు.