కలంకారి ఆర్ట్ ప్రింట్లకు ఏ కలర్ పరికరం కొనాలి?

రంగులపెట్టె, తిరుపతి:
అందరికీ నమస్తే. శ్రీకాళహస్తి కలంకారి బొమ్మలను ఫోటో తీసి, కాటన్ పేపర్ మీద ఆర్ట్ ప్రింట్లు వేసిస్తున్నాను. స్క్రీన్ మీద బాగుంటుంది. ప్రింట్‌లో మాత్రం కరక్కాయ పట్టిన గుడ్డకుండే పసుపు ఛాయ పోతోంది, మంజిష్ఠ ఎరుపు మబ్బుగా వస్తోంది. స్క్రీన్ రంగులను సరిచేసే కాలిబ్రేటర్ చాలా, ప్రింట్‌ను కొలిచేది కూడా కావాలా? రెండూ కొనే స్తోమత ఇప్పుడు లేదు.

ల్యాబ్ అన్న, చిత్తూరు:
తమ్ముడూ, ముందు స్క్రీన్‌దే తీసుకో. స్పైడర్ ప్రో లాంటి కలరీమీటర్లు (స్క్రీన్ కాలిబ్రేటర్లంటే ఇవే) స్క్రీన్ వరకే. కాగితం మీది రంగు కొలవాలంటే ఐ1 ప్రో లాంటి స్పెక్ట్రోఫోటోమీటర్ కావాలి, దాని ధర ఎన్నో రెట్లు. వైట్ పాయింట్ డీ65 (పగటి వెలుతురు లాంటి తెలుపు), స్క్రీన్ వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య పెట్టు. "ప్రింట్ నల్లగా వచ్చింది" అని మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి స్క్రీన్ వెలుగు ఫుల్‌లో ఉంటుంది. హానెముల్, కాన్సన్ లాంటి కంపెనీలు తమ పేపర్లకు ఐసీసీ ప్రొఫైళ్లు (ఆ పేపర్ మీద ఆ ప్రింటర్ రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైళ్లు) ఉచితంగానే ఇస్తాయి. ఫోటోషాప్‌కు రంగులు అప్పగిస్తే ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ కరెక్షన్ ఆపెయ్యాలి. లేకపోతే రంగు రెండుసార్లు మారుతుంది.

రంగులపెట్టె:
ఆపే ఉంది అన్నా. ప్రొఫైల్ కూడా కంపెనీదే. పేపర్ బాగా తెల్లగా ఉండాలని బ్రైట్ వైట్ తెచ్చాను.

నేతగుడ్డ, శ్రీకాళహస్తి:
అయితే పసుపు చిక్కు అక్కడే ఉంది. అలాంటి పేపర్లలో చాలావాటికి తెల్లగా కనిపించడానికి బ్రైట్‌నర్ అనే రసాయనం కలుపుతారు. పగటి వెలుతురులోని అతినీలలోహిత కాంతి తగిలితే అది నీలంగా మెరుస్తుంది. పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచిన మా గుడ్డ అసలు తెల్లగానే ఉండదు. బ్రైట్‌నర్ లేని నేచురల్ వైట్ పేపర్ తీసుకోండి.

ఎరుపు సంగతి వేరు. చవక ఎల్ఈడీల వెలుగులో ఎరుపు భాగం తక్కువ, మంజిష్ఠ అక్కడే చచ్చిపోతుంది. సీఆర్ఐ (లైటు రంగులను ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే అంకె) 95 దాటిన లైట్లు పెట్టి, 24 రంగు గళ్ల కలర్‌చెకర్ కార్డును అదే వెలుగులో ఫోటో తీసి కెమెరా ప్రొఫైల్ చేసుకోండి. ఆ తర్వాత గుడ్డనూ ప్రింట్‌నూ పక్కపక్కన పట్టుకుని వరండాలో ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడండి. ఒకచోట కలిసిన రంగు ఇంకోచోట విడిపోవచ్చు. మొక్కల వేళ్ల నుంచి తీసిన రంగూ ప్రింటర్ ఇంకూ కాంతిని వేరువేరుగా తిప్పికొడతాయి. దీన్ని ఏ పరికరమూ పూర్తిగా తీర్చలేదు. బొమ్మ ఏ వెలుతురులో వేలాడుతుందో కొనేవాళ్లను అడిగి, ఆ వెలుతురులో సరిచూడాల్సిందే.

పెళ్లి ఆల్బమ్, తిరుపతి:
మాది పట్టుచీరల పని. కొన్ని గులాబీ, నీలం రంగులు ఇంకుకు అందనే అందవు. కలంకారిలో అంత గాఢమైన రంగులు ఉండవు కాబట్టి మీకు ఆ టెన్షన్ తక్కువ. ప్రొఫైల్ దొరకని క్యాన్వాస్ వాడేదాకా స్పెక్ట్రోఫోటోమీటర్ జోలికి వెళ్లొద్దు. నా దగ్గర పాత ఐ1 ప్రో ఉంది. ఆర్గిల్ సీఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. కలర్ మేనేజ్‌మెంట్ మొత్తం ఆపి రంగు గళ్ల చార్ట్ ప్రింట్ తీసి, ఒక రోజు ఆరనిచ్చి తీసుకురండి. కొలిచి ప్రొఫైల్ చేసిస్తాను.

రంగులపెట్టె:
చాలా థ్యాంక్స్ అన్నా. ముందు పేపర్ మారుస్తాను, కాలిబ్రేటర్ తీసుకుంటాను. కొత్త పేపర్ మీద చార్ట్ వేసి మీ దగ్గరికి వస్తాను. చార్ట్‌కు ఎన్ని గళ్లు పెట్టమంటారు?