శబరిమల నుంచి వస్తూ తేక్కడిలో ఆగాలా?

పేటస్వామి:
స్వామి శరణం. డిసెంబరులో నరసరావుపేట నుంచి వ్యానులో శబరిమల వెళ్తున్నాం. దర్శనం అయ్యాక కుమిలి మీదుగా మధురై, రామేశ్వరం చూసుకుని రావాలని మా గురుస్వామి అంటున్నారు. దారిలోనే తేక్కడి కదా, పెరియార్ టైగర్ రిజర్వులో ఒక పూట ఆగొచ్చా? మాల వేసుకున్న పిల్లలిద్దరున్నారు, పులి కనిపిస్తుందా అని ఇప్పటినుంచే ప్రాణాలు తోడేస్తున్నారు.

కృష్ణలంక:
పులి మీద ఆశ పెట్టొద్దని పిల్లలకి ఇప్పుడే చెప్పేయండి స్వామీ. రిజర్వు 925 చదరపు కిలోమీటర్లు. బోటు తిరిగేది అందులో సరస్సు ఒడ్డున కొంచెమే. మేం వెళ్ళినప్పుడు అడవిదున్నలు, కణుజులు, పందుల గుంపు, బాగా దూరంగా ఏనుగులు కనిపించాయి. నీళ్ళలో నిలబడ్డ మోళ్ళ మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులైతే లెక్కేలేదు. 1895లో ముల్లపెరియార్ డ్యామ్ కట్టినప్పుడు మునిగిన అడవి తాలూకు మోళ్ళవి.

ఘాట్‌రోడ్డు:
డిసెంబరులో బోటు అంటే నాకు పెద్దగా నమ్మకం లేదు. ఈశాన్య రుతుపవనాల వానలకి సరస్సు నిండుగా ఉంటుంది, లోపల ఎక్కడ చూసినా నీళ్ళు, గడ్డి. ఇక జంతువులు ఒడ్డుకెందుకొస్తాయి? మార్చి, ఏప్రిల్ అయితే కథ వేరు. పైగా సీజన్లో బోటు నిండా స్వాములే. ఏనుగు కనిపించిందో లేదో ఒకటే కేకలు, అది కాస్తా లోపలికి పోతుంది.

కృష్ణలంక:
@ఘాట్‌రోడ్డు అరుపుల సంగతి నిజమే. కానీ పొద్దున్నే 7.30 బోటు అయితే కాస్త నయం, మంచు కూడా ఉంటుంది. పిల్లల్ని సీట్లోంచి లేవనివ్వకండి, లైఫ్ జాకెట్ తీయనివ్వకండి. 2009లో ఇదే సరస్సులో బోటు తిరగబడి 45 మంది చనిపోయారు.

జలగలభయం:
బోటు వదిలేసి గైడుతో అడవిలో నడవండి. లేదంటే వెదురు తెప్ప ఎక్కండి. అందులో రోజంతా పడుతుంది కాబట్టి మీకు కుదరదేమో, నడక మాత్రం కొన్ని గంటల్లో అయిపోతుంది. గైడ్లలో కొందరు ఒకప్పుడు ఇదే అడవిలో చెట్ల బెరడు దొంగతనంగా కొట్టుకుని అమ్ముకున్నవాళ్ళు. 1990ల చివర్లో అటవీశాఖ వాళ్ళతో మాట్లాడి అడవి కాపలా, గైడు పని అప్పగించింది. మన్నాన్, పళియ తెగలవాళ్ళు కూడా ఉంటారు. మాకొచ్చినాయన చెట్టు మీద గీతలు చూపించి ఎలుగుబంటి ఎక్కిందన్నాడు. మా కళ్ళకి అది మామూలు చెట్టే. మలబార్ పెద్ద ఉడతని చూపించినప్పుడు మాత్రం మా పిల్లాడు పులిని మర్చిపోయాడు. తడిగా ఉంటే జలగలుంటాయి, మేజోళ్ళు వాళ్ళే ఇస్తారు. పిల్లల్ని ఏ వయసు నుంచి తీసుకెళ్తారో ముందే అడగండి.

పెద్దపాదం:
ఒక మాట. తేక్కడి చేరకముందే మీరు పెరియార్ రిజర్వులో ఉంటారు స్వామీ! అయ్యప్ప గుడి ఉన్న సన్నిధానం ఆ అడవిలోనే ఉంది. ఎరుమేలి నుంచి అళుద, కరిమల మీదుగా పెద్దపాదం, అంటే పొడవాటి అడవి దారి, నడిస్తే బోటులో చూసేదానికన్నా ఎక్కువ అడవి చూస్తారు. అలా నడుస్తూనే బిస్కెట్ కవర్లు, కర్పూరం కవర్లు పారేసే స్వాములని చూస్తే ఒళ్ళు మండుతుంది. అవి ఏనుగులు, దుప్పుల కడుపులోకి పోతున్నాయి. ఇరుముడిలో ప్లాస్టిక్ వద్దని అక్కడివాళ్ళు ఏటా మొత్తుకుంటూనే ఉన్నారు.

పేటస్వామి:
కవర్ల మాట మా గురుస్వామికి చెప్పాను, ఈసారి అన్నీ గుడ్డసంచుల్లోనే కడతామన్నారు. పెద్దపాదం పిల్లలతో కష్టం, పంబ నుంచి ఎక్కే చిన్నపాదమే. కుమిలిలో రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్తే వ్యాను బోటు దాకా పోతుందా?

ఘాట్‌రోడ్డు:
పోదు. వ్యాను కుమిలిలో పార్కింగ్ స్థలంలోనే పెట్టాలి, అక్కడినుంచి అటవీశాఖ బస్సు. టికెట్లు, గది ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, సీజన్లో అప్పటికప్పుడు దొరకవు. అడవి చూసుకుని పదకొండుకల్లా కుమిలి వదిలితే కంబం, తేని మీదుగా సాయంత్రానికి మధురై. సీజన్లో ఘాట్ దగ్గర పోలీసులు దారి మళ్ళిస్తుంటారు, జీపీఎస్‌ని కాకుండా వాళ్ళ మాట వినమని డ్రైవరుకి చెప్పండి.

జలగలభయం:
నడకకి వెళ్తే మాత్రం పదకొండుకి బయటపడటం కష్టం. మధురై గుడి మర్నాటికి పెట్టుకోండి.