3600 గంటలకు చేరువైన ఇంజన్: విప్పించాలా, నడిపించాలా?

మేఘమాల: మా ఒంటి ఇంజన్ విమానం, పైపర్ మెరిడియన్, హ్యూస్టన్ దగ్గర ఉంటుంది. ఇద్దరం భాగస్వాములం. పీటీ6ఏ-42ఏ ఇంజన్ 3540 గంటలకు చేరింది. తయారీదారు చెప్పిన ఓవర్‌హాల్ గడువు 3600. ఓవర్‌హాల్ అంటే పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి బిగించడం. గడువుకే చేయిద్దామని నేను, అవసరం లేదని ఆయన. మీరేమంటారు?

నింగిచుక్క: 3600 సిఫారసు మాత్రమే. అమెరికా విమాన నిబంధనల్లోని పార్ట్ 91 కింద సొంతానికి ఎగిరేవారికి అది తప్పనిసరి కాదు. అద్దెకు తిప్పేవారి సంగతి వేరు. బ్లేడ్లను మోసే డిస్కుల సైకిళ్ళ పరిమితిని (స్టార్ట్ చేసి, ఎగిరి, ఆపితే ఒక సైకిల్) మాత్రం ఎవరూ దాటకూడదు. మిగతా విషయాల్లో ఇంజన్ చెప్పేది వినాలి. టర్బైన్ల మధ్య ఉష్ణోగ్రత, ఇంధన ప్రవాహం, గాలిని నొక్కి వేడి వాయువు తయారుచేసే గ్యాస్ జనరేటర్ వేగం ప్రతి ప్రయాణంలో రాసుకుంటే, లోపల తేడా వచ్చినప్పుడు గ్రాఫులో గీత కదులుతుంది. కదలనప్పుడు ఎందుకు విప్పాలి?

పాతకాపు: ఓవర్‌హాల్ బిల్లు తలచుకుంటేనే గుండె దడ. నడపండి.

ఉప్పుటేరు: ఈ ఇంజన్లు విప్పి బిగించడమే నా వృత్తి. గీత అన్నీ చెప్పదు. హ్యూస్టన్ వైపు గల్ఫ్ తీరపు ఉప్పుగాలికి, గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడ్లు గుంటలు పడతాయి. అది ముదిరేదాకా ఉష్ణోగ్రతలో తేడా కనిపించకపోవచ్చు. ఉప్పు, ఇంధనంలోని గంధకం కలిసి టర్బైన్ బ్లేడ్లకు తెచ్చే సల్ఫిడేషన్ అనే తుప్పు కూడా అంతే. ఇంధనం చిమ్మే నాజిల్ ఒకటి సరిగా చిమ్మకపోతే మంట ఒక పక్కకే కొట్టి, వేడి వాయువును టర్బైన్ మీదికి మళ్ళించే వేన్లను కాల్చేస్తుంది, మీటరు చూపించే సగటు మామూలుగానే ఉంటుంది. నాజిళ్ళు తీసి, ఆ రంధ్రాల గుండా బోరోస్కోప్ (లోపల చూసే సన్నని కెమెరా గొట్టం) పెట్టి చూశారా? కంప్రెసర్‌ను ఎన్నాళ్ళకొకసారి కడిగిస్తున్నారు?

నింగిచుక్క: 3600 తప్పనిసరి అని చట్టంలో ఎక్కడుంది? అది చెప్పండి.

ఉప్పుటేరు: నేను చట్టం ఊసే ఎత్తలేదు.

నింగిచుక్క: ఎత్తలేదు గనుకే అడుగుతున్నాను. నా పాత విమానానికి ఒక వర్క్‌షాప్ హాట్ సెక్షన్ (ఇంజన్‌లో మంట, టర్బైన్ ఉండే వేడి భాగం) విప్పి, నన్ను అడగకుండా భాగాలు మార్చి, చెప్పినదానికి రెట్టింపు బిల్లు వేసింది. తీసేసిన వేన్లు చూపించమంటే పారేశామన్నారు. అప్పటినుంచి ‘విప్పుదాం’ అన్న మాట నమ్మను.

ఉప్పుటేరు: ఎవరో చేసినదానికి నన్ను నిలదీస్తే ఎలా? నేను విప్పమనలేదు, చూడమన్నాను.

రెక్కలు: రెండింజన్ల కింగ్ ఎయిర్ విమానం కొనుక్కోండి. ఒకటి ఆగినా రెండోది ఉంటుంది.

ఉప్పుటేరు: రెండు ఇంజన్లంటే రెండు ఓవర్‌హాళ్ళు. పైగా రెండింజన్లతో, టర్బైన్లు ప్రొపెల్లర్లను తిప్పే టర్బోప్రాప్‌కు ఏడాది తనిఖీతో సరిపోదు, పూర్తి తనిఖీ కార్యక్రమం ఎంచుకుని పాటించాలి. ఇక్కడి ప్రశ్న అది కాదు.

మేఘమాల: చట్టం, గీత అన్నీ సరే. వెనుక సీట్లలో కూర్చునేది నా పిల్లలు. ఆయన ఒంటరిగా, ఎప్పుడో నెలకొకసారి ఎగురుతారు. ఆయనకేం దిగులు?

నింగిచుక్క: ఆ ‘ఆయన’ నేనే. పిల్లల మాట ఎత్తారు కాబట్టి నలుగురిలో అడుగుతున్నాను. మనం కొన్నాక తిరిగిన గంటల్లో మూడొంతులు ఎవరివి? వారం వారం డాలస్ వెళ్ళివస్తున్నది ఎవరు? గంటకింత అని ఇంజన్ నిధి పక్కన పెడదామంటే మొదటి ఏడాదే వద్దన్నది ఎవరు? ఇప్పుడు ఖర్చు మాత్రం సగం సగమా?

పాతకాపు: అసలు గొడవ ఇదా!

మేఘమాల: గంటల ప్రకారమే పంచుకుందాం, ఒప్పుకుంటున్నాను. కానీ తుప్పుకు గంటలతో పని లేదు. నిరుడు నేను విజయవాడలో ఉన్నన్నాళ్ళూ విమానం మీ చేతిలోనే ఉంది. వారం మించి నిలిపితే మూతలు బిగించి, తేమ పీల్చే సంచులు పెట్టాలి. నేను వచ్చి చూస్తే గాలి లోపలికి వెళ్ళే ఇన్‌టేక్‌కు మూత కూడా లేదు. బ్లేడ్లకు గుంటలు పడి ఉంటే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో వేయమంటారు?

నింగిచుక్క: ముందు గుంటలు ఉన్నాయో లేవో చూద్దాం. శనివారం నాజిళ్ళు, ఇన్‌టేక్ జాలీ తీయిద్దాం. ఉప్పుటేరు గారూ, మీకు వీలైతే మీరే రండి. మా ఇద్దరి కళ్ళ ముందే చూడాలి.