పదింటికల్లా వచ్చేస్తా అని చెప్పి రెండున్నరకి ఇంటికెళ్లా, ఇప్పుడు ఎలా సర్దుకోవాలి?

నిజాంపేట్ కీపర్:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి.

నాకు 35, మా ఆవిడ బ్యాంకులో చేస్తుంది, బాబుకి ఆరేళ్లు. ఉండేది నిజాంపేట్. నాది గచ్చిబౌలిలో జాబ్. ఆదివారం వస్తే క్రికెట్, కాలేజీ నుంచీ ఉన్న బ్యాచ్, మొయినాబాద్ వైపు గ్రౌండ్ బుక్ చేసుకుని ఇరవై ఓవర్ల మ్యాచ్‌లు ఆడతాం, ఒక లీగ్‌లో కూడా ఉన్నాం. నేను కీపర్ని. టీమ్‌లో ఇంకో కీపర్ లేడు, అంటే ఉన్నాడు గానీ వాడు వదిలేసినవన్నీ బౌండరీకే పోతాయి కాబట్టి లేడనే లెక్క.

పోయిన వర్షాకాలంలో నాగార్జున సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూపించారు, అప్పట్నుంచి మావాడు 26 గేట్లంట నాన్నా అని ఒకటే పాట. వెళ్దాం అన్నాను. మొదటిసారి లీగ్ మ్యాచ్ పడింది, రెండోసారి సెమీస్, మూడోసారి ఫైనల్. ఫైనల్ రోజు ఏం చెప్పానంటే, పొద్దున్నే ఆడేసి పదింటికల్లా వచ్చేస్తా, వచ్చీ రాగానే బయల్దేరదాం, సాయంత్రం దాకా చూసి రాత్రికి వచ్చేద్దాం అని. తను పొద్దున్నే లేచి పులిహోర కలిపింది, పెరుగన్నం, మామిడికాయ ముక్కలు, అన్నీ డబ్బాల్లో సర్ది పెట్టింది.

మాకంటే ముందు స్లాట్ వాళ్లది లేటయ్యి మా మ్యాచ్ మొదలయ్యేసరికే దాదాపు తొమ్మిది. ఇంటికి చేరేసరికి రెండున్నర. గెలిచాం. కప్పు పట్టుకుని లోపలికి వెళ్తే ఇల్లంతా ఖాళీ. డైనింగ్ టేబుల్ మీద ఒక ప్లేటు, దాని పక్కన పులిహోర డబ్బా, అంతే. ఫోన్ చేస్తే మియాపూర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లమ్మ వాళ్లింటికి వెళ్లిపోయాం అంది. అరవలేదు. పక్కింటి ఆంటీ తర్వాత చెప్పిందేంటంటే మావాడు తొమ్మిదిన్నర నుంచి టోపీ పెట్టుకుని, మెళ్లో బొమ్మ బైనాక్యులర్స్ వేసుకుని, గుమ్మం బయట చెప్పుల స్టాండ్ మీద కూర్చున్నాడంట పన్నెండింటి దాకా.

సాయంత్రం వచ్చాక కప్పు చూసి బాగుంది అని ఒక్క మాట అంది. మూడు వారాలైంది, మాట్లాడుతుంది, వండుతుంది, ఫోన్ బిల్లు కట్టావా అని అడుగుతుంది, ట్రిప్ మాట మాత్రం ఎత్తట్లేదు. నేనెత్తినా 'నీకెప్పుడు కుదిరితే అప్పుడు చూద్దాం' అంటుంది. ఇదే ఇంకా భయంగా ఉంది. క్రికెట్ మొత్తం మానేస్తే సెట్ అవుతుందా? పెళ్లయిన వాళ్లు కాస్త చెప్పండి, బ్యాచిలర్స్ దయచేసి చదివి వదిలేయండి.

అట్లకాడ:
పెళ్లయ్యి పన్నెండేళ్లు, మావారు బ్యాడ్మింటన్, రోజూ పొద్దున్న ఐదున్నరకి కోర్టుకి, కాబట్టి అర్హత ఉన్నట్టే అనుకుంటా.

అన్నయ్య గారూ, క్రికెట్ మానేయడం గురించి ఆమె మీకేమైనా చెప్పిందా? మీ పోస్టు రెండుసార్లు చదివాను, ఎక్కడా లేదు. మీరే అడిగి మీరే త్యాగం చేసేసి, రేపు మళ్లీ ఏదైనా మాటా మాటా వస్తే 'నీకోసం క్రికెట్ కూడా మానేశా' అంటారు, అది ఆవిడ నెత్తినే పడుతుంది. ఆ పని మాత్రం చెయ్యకండి.

ఫైనల్ ఉంది, ఈ వారం రాలేను అని శనివారం రాత్రే చెప్పుంటే ఆవిడ ఓ అరగంట మూతి ముడుచుకుని ఊరుకునేది. పొద్దున్న ఐదింటికి లేచి చింతపండు రసం మరగబెట్టాల్సిన అవసరం ఉండేది కాదు. పులిహోర కలపడం అంటే ఏంటో తెలుసా మీకు, అన్నం పొడిపొడిగా వార్చి, ఆరబెట్టి, పోపు వేసి... సరే వదిలేయండి. ఇంతకీ ఆ డబ్బాలో పులిహోర తిన్నారా లేదా?

లాంగాన్ల నేనే:
అన్నా నేను గూడ వీకెండ్ లీగ్ ఆడేటోన్నే, గందుకే ఒక లెక్క జెప్త ఇను. ఇంటర్నేషనల్ టీ20లనే ఒక ఇన్నింగ్స్‌కు 85 నిమిషాలు ఇస్తరు, నడుమ 20 నిమిషాల బ్రేకు, మొత్తం 190 నిమిషాలు. అంటే మూడు గంటల పది నిమిషాలు. అది స్టేడియంల, బాల్ పోతే ఇంకో బాల్ జేబులకెళ్లి తీసి ఇచ్చేటోళ్లు ఉన్నకాడ. మన దగ్గర ఒక్క సిక్స్ కొడితే చాలు, పదకొండు మంది చెట్లల్ల దూరి ఎతుకుడే. ఆపైన అంపైర్ బ్యాటింగోళ్ల దోస్తే ఉంటడు, వైడ్ ఇయ్యకపోతే గదొక పంచాయితీ, స్కోరర్ ఫోన్ల ఛార్జింగ్ అయిపోతది, రెండు రన్లు ఏడవాయె అని ఇంకో పంచాయితీ. మన ఇరవై ఓవర్లు మూడున్నర గంటల కంటే తక్కువల అయినట్టు నేనైతే సూడలే.

ఇగ ఏడింటికి ఫస్ట్ బాల్ వడ్డదనే అనుకుందాం, పదిన్నరకు ఖతం. మొయినాబాద్‌కెళ్లి నిజాంపేట గంట. టైంకు షురూ అయినా నువ్వు పదకొండున్నరకు గానీ ఇంట్ల ఉండవు. గది నీకు మ్యాచ్‌కు ముందే ఎరుకే. పదింటికొస్త అని ఏ లెక్కన జెప్పినవన్నా?

ఇంకో డౌటు. దాదాపు తొమ్మిదికి షురూ అయితే పన్నెండు, పన్నెండున్నరకు అయిపోవాలె. రెండున్నర ఎట్లయింది? నడుమల బిర్యానీ తిన్నరా?

నిజాంపేట్ కీపర్:
తిన్నాం. కప్పు ఇచ్చేవాళ్లు ఇంకో అరగంట లేటు చేశారు, అందరూ అప్పటికే ఆర్డర్ పెట్టేశారు, ఒక్కడినే లేచి వెళ్లిపోతే బాగోదని కూర్చున్నా. ఫోన్ కిట్ బ్యాగ్‌లో ఉంది. నాలుగు మిస్డ్ కాల్స్.

@అట్లకాడ, పులిహోర రాత్రికి తిన్నాను అక్కా. బిర్యానీ తిని వచ్చానని తనకి ఇప్పటికీ చెప్పలేదు.

మూడో వికెట్:
బిర్యానీ ఎక్కడ్నుంచి తెప్పించారో చెప్పు బ్రో, విడాకులొస్తే వచ్చాయి.

అట్లకాడ:
@మూడో వికెట్, బ్యాచిలర్స్ చదివి వదిలేయమన్నారు కదా నాయనా.

కీపర్ గారూ ముందు ఆ బిర్యానీ సంగతి చెప్పేయండి. ఆవిడకి ఆల్రెడీ తెలిసే ఉంటుంది. గెలిచిన ఫోటోలు మీ గ్రూపులో ఎవడో ఒకడు స్టేటస్ పెట్టే ఉంటాడు, వెనకాల ప్లేట్లు కనపడుతూనే ఉంటాయి.

నిజాంపేట్ కీపర్:
స్టేటస్ పెట్టింది నేనే.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, నవ్వు ఆగలేదు, తప్పుగా అనుకోకు. నాదొకటి చెప్తాను. ఎనభైల్లో మాట, అప్పుడు మేం మలక్‌పేటలో ఉండేవాళ్లం, నాకు వాలీబాల్ పిచ్చి. ఇద్దరు పిల్లల్ని ఆదివారం జూపార్కుకి తీసుకెళ్తానని మాటిచ్చి ఆ రోజు పొద్దున్నే టోర్నమెంట్‌కి జారుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే మీ ఇంట్లోలాగే, అరుపుల్లేవు. సరే అని వీరుడిలా సోమవారం స్కూల్లో సెలవు పెట్టి, పిల్లలకీ బడి మాన్పించి, అందర్నీ ఆటోలో ఎక్కించి బహదూర్‌పురా తీసుకెళ్లాను. గేటుకి తాళం. సోమవారం జూకి సెలవు, ఊళ్లో అందరికీ తెలుసు నాకు తప్ప. మా ఆవిడకి కూడా తెలుసు! ఆటో దిగాక చెప్పింది. మరి ముందే చెప్పొచ్చుగా అంటే 'మీరంత ఉత్సాహంగా ఉంటే అడ్డం చెప్పడమెందుకని' అంది. అక్కడ్నుంచి సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్లి గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా కూర్చోబెట్టాను, పిల్లలు పులేది పులేది అని ఏడుస్తూనే ఉన్నారు. ఆవిడ ఇప్పటికీ మనవళ్లకి ఈ కథ చెప్పి మరీ నవ్వుతుంది, అప్పుడు మాత్రం నెల పట్టింది.

కాబట్టి ఈసారి ఎక్కడికి వెళ్లినా సెలవు రోజు చూసుకుని వెళ్లు. సాగర్ వెళ్లినా, నాగార్జునకొండ మ్యూజియంకి శుక్రవారం సెలవు.

గుట్టలపిచ్చోడు:
అందరూ తిట్టేశారు కాబట్టి నేను ట్రిప్ విషయం మాట్లాడతా.

ముందు ఒకటి, మీ ఆవిడ బ్యాంకు అన్నారు. బ్యాంకులకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు, 2015 నుంచీ ఉన్నదే. ఏడాదికి 24 శనివారాలు. మీకు శనివారం ఎలాగూ ఆఫీసుండదు, మ్యాచ్‌లు ఆదివారం. మరి ట్రిప్ కూడా ఆదివారమే ఎందుకు పెట్టుకుంటున్నారు, నాకర్థం కాలేదు. శనివారం ఏం చేస్తారు?

రెండోది సాగర్. ఆరేళ్ల పిల్లాడితో మ్యాచ్ ఆడి వచ్చి సాగర్ వెళ్లి రాత్రికి తిరిగి రావడం, అసలు ప్లానే తప్పు. సిటీ నుంచి 150 కిలోమీటర్ల పైన, మీ నిజాంపేట్ నుంచి ఇంకా ఎక్కువ. పదింటికి బయల్దేరినా అక్కడికి చేరేసరికి రెండు, కొండకి లాంచీ దొరుకుతుందో లేదో, ఎత్తిపోతల జలపాతం అక్కడ్నుంచి ఇంకో పదకొండు కిలోమీటర్లు. పైగా గేట్లు మనం వచ్చామని ఎత్తరు, పైన శ్రీశైలం నుంచి వరద రావాలి, సాగర్ 590 అడుగులు నిండే టైముకి ఎత్తుతారు, వరద తగ్గితే దించేస్తారు. ఇప్పుడెళ్తే మూసిన గేట్లు చూసి వాడు ఇంకా ఏడుస్తాడు. వచ్చే వర్షాకాలం వార్తలు చూసుకుని, శనివారం పొద్దున్నే బయల్దేరి, రాత్రి అక్కడే ఉండేలా వెళ్లండి.

ఈలోపు చిన్నది ఒకటి చెయ్యండి. నా ఓటు భువనగిరి కోటకి. వరంగల్ రోడ్డులో యాభై కిలోమీటర్లు, సికింద్రాబాద్‌లో రైలెక్కినా దిగొచ్చు. మొత్తం ఒకటే రాయి, ఏనుగు పడుకున్నట్టు ఉంటుంది దూరం నుంచి, ఎత్తు దాదాపు 500 అడుగులు, రాతిలోనే చెక్కిన మెట్లు. 13 ఏళ్లకే 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాక్ క్లైంబింగ్ మొదలుపెట్టింది ఈ గుట్ట మీదే, ఇది మీవాడికి చెప్పండి, బైనాక్యులర్స్ తీసుకుని వాడే మీకంటే ముందు ఎక్కుతాడు. కానీ ఎండ ఎక్కకముందే ఎక్కెయ్యాలి, పదైతే ఆ రాయి పెనంలా కాలుద్ది, పైన నీడ తక్కువ, నీళ్లు మనమే మోసుకెళ్లాలి. పైకి వెళ్లేకొద్దీ మెట్లు అరిగిపోయి కొన్నిచోట్ల రెయిలింగ్ పట్టుకునే ఎక్కాలి, పిల్లాడి చెయ్యి వదలొద్దు. వానపడిన రోజు అస్సలొద్దు, జారుతుంది.

దిగాక పోచంపల్లి వెళ్లండి, దగ్గరే. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరు. ఇళ్లలోనే మగ్గాలుంటాయి, అడిగితే చూపిస్తారు, నూలు ముడులు కట్టి రంగులో ముంచేది పిల్లలకి భలే నచ్చుద్ది. ఇక్కడ మీ జేబుకి కొంచెం చిల్లు పడుద్ది, పడనివ్వండి.

అటువైపు వద్దంటే మీకు లింగంపల్లి దగ్గర కదా, వికారాబాద్ రైలెక్కి అనంతగిరి వెళ్లొచ్చు, మూసీ పుట్టేది అక్కడే. కానీ ఆదివారం అక్కడ మనుషులే మనుషులు.

నిజాంపేట్ కీపర్:
@గుట్టలపిచ్చోడు, శనివారం ఏం చేస్తారన్నారు కదా. నెట్ ప్రాక్టీస్.

టైప్ చేశాక నాకే సిగ్గేసింది.

లాంగాన్ల నేనే:
నెట్ ప్రాక్టీసా?? అన్నా నువ్వు రంజీ ఆడుతున్నవా?

నిజాంపేట్ కీపర్:
అప్‌డేట్. నిన్న రాత్రి పిల్లాడు పడుకున్నాక బిర్యానీ విషయం చెప్పాను. 'మటనా చికెనా' అంది. చికెన్ అన్నాను. 'దానికోసమా' అని లేచి వెళ్లి గ్యాస్ కట్టేసి వచ్చింది. తర్వాత ఈ థ్రెడ్ చూపించాను, మొత్తం చదివింది, మాస్టారు గారి జూ కథ దగ్గర గట్టిగా నవ్వింది, మూడు వారాల్లో అదే మొదటిసారి. ఆ 190 నిమిషాల లెక్క దగ్గర ఆగి, ఫోన్ నా వైపు తిప్పి చూపించి మళ్లీ చదువుకుంది. ఏమీ అనలేదు.

క్రికెట్ మానేస్తానని కూడా అన్నాను (అక్కా మీరు వద్దన్నారని తెలుసు, నోరు జారింది). 'నువ్వు ఆదివారం ఇంట్లో ఉండి ఏం చేస్తావ్, నా ప్రాణం తీస్తావ్, పోయి ఆడుకో' అంది. కాకపోతే వంటింట్లో ఉన్న బ్యాంకు క్యాలెండర్లో రెండో శనివారాలు, నాలుగో శనివారాలు డిసెంబర్ దాకా స్కెచ్ పెన్నుతో గుండ్రాలు చుట్టేసింది. నెట్ ప్రాక్టీస్ లేదని కెప్టెన్‌కి మెసేజ్ పెట్టాను, గ్రూపులో ఇప్పటికి పదిహేడు నవ్వు బొమ్మలు వచ్చాయి, పెళ్లయిన వాళ్లవి ఒక్కటీ లేవు.

కప్పు టీవీ పక్కనుంచి ఎప్పుడు మాయమైందో చూళ్లేదు. మావాడు అందులో క్రేయాన్స్ వేసుకున్నాడు.

ఈ నాలుగో శనివారం భువనగిరి. పొద్దున్న ఐదున్నరకి బయల్దేరాలి, పులిహోర ఈసారి నేను కలుపుతా అన్నాను. అక్కా, ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు, చింతపండు ఎంత నానబెట్టాలి?

అట్లకాడ:
మూడు గ్లాసుల బియ్యానికి పెద్ద నిమ్మకాయంత. రాత్రే నానబెట్టి గుజ్జు తీసి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించి పెట్టుకోండి, పొద్దున్న అన్నం వార్చి కలపడమే. అన్నం వేడి మీద డబ్బాలో పెట్టి మూతెయ్యొద్దు, చెమట పట్టి పాడైపోతుంది. ఎన్నింటికి లేస్తానని చెప్పారు ఆవిడకి?

నిజాంపేట్ కీపర్:
నాలుగు. మూడున్నరకి అలారం పెట్టా.