ప్రభుత్వాలు పెంచే హ్యాకర్లతో మనలాంటోళ్లకి భయముందా?

కొర్లగుంట_నెట్‌సెంటర్:
నా అంగట్లో నాలుగు సిస్టమ్స్. దర్శనం టికెట్లు, రూముల కోసం యాత్రికులు పొద్దస్తమానం వస్తా ఉంటారు. ఆధార్ నంబర్లు, ఓటీపీలు అన్నీ వాటి మీదే. మూడింట్లో ఇంకా విండోస్ 7 ఉండాది. ఉత్తర కొరియా, రష్యా ప్రభుత్వాల హ్యాకర్లు తిరగతా ఉండారు, మార్చెయ్ అని మా బామ్మర్ది ఒకటే పోరు. వాళ్లకి కొర్లగుంటలో ఏం పని? తెలిసినోళ్లు చెప్పండి.

బైరాగిపట్టెడ_సర్వీస్:
అన్నా, వాళ్లకి నీతో పని లేకపోయినా నీకు దెబ్బ తగులుతుంది. 2017 మే 12న వచ్చిన వాన్నాక్రై గుర్తుండాదా, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్? మన చిత్తూరు జిల్లా పోలీసోళ్ల కంప్యూటర్లే లాక్ అయినాయి. గుంటూరు, విశాఖ, శ్రీకాకుళంలోనూ అంతే. 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని స్క్రీన్ మీద ఎర్ర డబ్బా. అది ఎవరినీ ఎంచుకుని రాలేదు, విండోస్‌లో ఒక తలుపు తెరిచి ఉన్న ప్రతి సిస్టమ్‌లోకీ తనంతట తానే దూరింది. ఆ తలుపు మూసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనోళ్లే పోయినారు.

తోతాపురి_లెక్కలు:
అవన్నీ పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్స్ తమ్ముడూ. వాళ్లకి మార్చిలో అప్‌డేటే రాలేదు. ఊరికే జనాన్ని తప్పు పట్టొద్దు.

బైరాగిపట్టెడ_సర్వీస్:
కాదక్కా. దెబ్బ తిన్నవాటిలో నూటికి తొంభైకి పైన విండోస్ 7వే. ఎక్స్‌పీలో అది సరిగ్గా పాకనే లేదు, సిస్టమ్ హ్యాంగయ్యేది.

తోతాపురి_లెక్కలు:
ఎక్స్‌పీకి మే నెలలో, అంతా అయినాక ఇచ్చినారా లేదా? అది చెప్పు.

బైరాగిపట్టెడ_సర్వీస్:
ఇచ్చినారు. కానీ మాట అది కాదు కదా.

మాస్టారు_చిత్తూరు:
ఈ గుంపులకు కావలసింది నాయకులు, విలేఖరులు. 2023 అక్టోబరులో 'మీ ఫోన్ మీద ప్రభుత్వ హ్యాకర్ల కన్ను ఉండొచ్చు' అని ఆపిల్ నుంచి హెచ్చరికలు అందింది ప్రతిపక్ష ఎంపీలకు. నెట్ సెంటర్లకు కాదు.

పీలేరు_కుర్రోడు:
ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

తోతాపురి_లెక్కలు:
మాస్టారూ, నాయకులకే అయితే నాట్‌పెట్యా వైరస్ సంగతేంది? 2017 జూన్‌లో ఉక్రెయిన్ అంగళ్లలో, ఆఫీసుల్లో లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ మీదుగా వచ్చింది. అదీ దాని అప్‌డేట్‌లోనే! రష్యా సైన్యం పని అని బ్రిటన్, అమెరికా 2018లో చెప్పినాయి. ముంబయి పక్కన జేఎన్‌పీటీ రేవులో ఒక టెర్మినల్ ఆగిపోయింది. అప్‌డేట్ వేసుకున్న లెక్కలాయన చేసిన తప్పేంది తమ్ముడూ?

బైరాగిపట్టెడ_సర్వీస్:
అట్టాంటిది ఎప్పుడో ఒకటి అక్కా. దాన్ని చూపించి జనాన్ని అప్‌డేట్ ఆపెయ్యమంటావా?

తోతాపురి_లెక్కలు:
ఆపమని నేనన్నానా! వాన్నాక్రై ఆ తలుపులో దూరడానికి వాడిన ఆయుధం అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ దాచిపెట్టుకున్నది. షాడో బ్రోకర్స్ అనే హ్యాకర్ల గుంపు ఆ ఏడాది ఏప్రిల్‌లో బయట పడేసింది. ఉత్తర కొరియా వాళ్లు దాన్ని వదిలినారని అమెరికానే చెప్పింది. ఇన్ని ప్రభుత్వాలు కలిసి చేసిన పాపానికి 'వేసుకోనోళ్లే పోయినారు' అంటే నాకు ఒళ్లు మండుతుంది.

బైరాగిపట్టెడ_సర్వీస్:
ఎన్‌ఎస్‌ఏ మీద కోపం నా మీద చూపిస్తే నేనేం చేసేది? తలుపు తీసిపెట్టుకుని దొంగని తిట్టుకుంటే పోయిన సొమ్ము వస్తుందా?

తోతాపురి_లెక్కలు:
ఆ తలుపు నేను తియ్యలేదు! విను. మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఆ మే నెలలో పొద్దున పోయి సిస్టమ్ ఆన్ చేస్తే ఎర్ర డబ్బా, పక్కన గంటలు తగ్గతా ఉండాయి. అంతకుముందు సీజన్‌లో ఏ రైతు ఎన్ని టన్నులు తోలినాడు, ఎంత బాకీ, అంతా దాంట్లోనే. కాటా చీటీలు గోతంలో ఉంటే కుప్ప పోసుకుని పదకొండు రోజులు మళ్లీ రాసినాను. చెమటకి అక్షరాలు చెరిగిపోయిన చీటీలుండాయి. రైతులు గేటు దగ్గర నిలబడి నన్నే అడిగినారు. మా సిస్టమ్‌లో దొంగ విండోస్ వేసింది సర్వీస్ ఆయన. అప్‌డేట్ వస్తే దొరికిపోతుందని దాన్ని ఆఫ్ చేసి పెట్టింది ఆయనే. మా ఓనరు ముందర నా మొహం మీద అన్న మాట 'మీరే అప్‌డేట్ వేసుకోలేదు' అని.

మాస్టారు_చిత్తూరు:
అయ్యో, అమ్మా.

బైరాగిపట్టెడ_సర్వీస్:
అక్కా, నేనూ ఆ కాలంలో అట్టా వేసినోడినే. నిజమైన విండోస్ ధర చెప్తే కస్టమర్ పక్క అంగడికి పోతాడు. మీ ఓనరు బిల్లు అడిగినాడా? ఎవరూ అడగరు.

తోతాపురి_లెక్కలు:
ఓనరు మిగుల్చుకున్నాడు, నువ్వు బేరం నిలబెట్టుకున్నావు. అప్‌డేట్ ఆఫ్‌లో ఉందని నాకు ఒక్క మాట చెప్పినారా?

బైరాగిపట్టెడ_సర్వీస్:
చెప్పలేదు. చెప్పాల్సింది. ఇప్పుడు ప్రతి కస్టమర్‌కీ ముందే చెప్తా ఉండాను. నెట్‌సెంటర్ అన్నా, నీకూ చెప్తా ఉండా: 2020 జనవరి 14తో విండోస్ 7కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయినాయి, దాని కథ అయిపోయింది. ఆధార్ కాపీలు, ఓటీపీలు దాని మీద పెట్టొద్దు. ముఖ్యమైన ఫైళ్లు బయట డిస్క్‌లోకి తీసుకో, తీసినాక డిస్క్ వైరు పీకెయ్. తగిలించి పెడితే అదీ లాక్ అవుతుంది.

కొర్లగుంట_నెట్‌సెంటర్:
మూడింట్లో ఒకటి ప్రింటర్‌కి మాత్రమే, దానికి నెట్ వైరు రేపే పీకేస్తా. మిగతా రెండింటికి అసలు విండోస్ బిల్లుతో సహా ఎంతవుతుందో చెప్పు తమ్ముడూ. యాత్రికుల ఆధార్ పీడీఎఫ్‌లు డెస్క్‌టాప్ నిండా ఉండాయి, ఈ రాత్రికి కూర్చుని తుడిచేస్తా ఉండా.