డెర్మల్ పాపిల్లా కణాల్లో పాసేజ్ పెరిగేకొద్దీ జన్యువులు మూగబోతున్నాయి: మీ అనుభవాలు చెప్పండి

కుదురు_పరిశోధన
హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. వెంట్రుకల మార్పిడి శస్త్రచికిత్సలో మిగిలిన కుదుళ్లను దాతల అంగీకారంతో, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో తెచ్చుకుని, అడుగున ఉండి వెంట్రుక పెరుగుదలను నడిపించే చిన్న కణాల గుత్తిని, అంటే డెర్మల్ పాపిల్లాను, వేరుచేసి కణాలు పెంచుతున్నాను. మొదటి పాసేజ్‌లో (పళ్లెం నిండిన కణాలను కొత్త పళ్లెంలోకి మార్చే ప్రతి విడత ఒక పాసేజ్) పాపిల్లాకు గుర్తుగా చూసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్ రంగు చక్కగా పడుతుంది. నాలుగో పాసేజ్‌కు దాదాపు కనబడదు. జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే క్యూపీసీఆర్‌లోనూ అంతే. పాపిల్లాకు గుర్తులైన మరో రెండు జన్యువులు, వెర్సికాన్, ఎల్‌ఈఎఫ్1 కూడా పడిపోతున్నాయి. కణాలు చూడటానికి ఆరోగ్యంగానే ఉన్నాయి, బాగా విభజన చెందుతున్నాయి. మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మార్చాలా? ఇది అందరికీ జరిగేదేనా?

పాత_ఇంక్యుబేటర్
అందరికీ జరిగేదే, మీడియం మారిస్తే పోయేది కాదు. శరీరంలో ఈ కణాలు దాదాపు విభజన చెందవు. చుట్టూ కెరటినోసైట్లు (చర్మపు పైపొరలో, కుదురు తొడుగుల్లో ఉండే కణాలు) ఉంటాయి, వాటి నుంచి డబ్ల్యూఎన్‌టీ అనే ప్రొటీన్ల సంకేతాలు అందుతుంటాయి. మీరు వాటిని విడదీసి, ప్లాస్టిక్ మీద పరిచి, రక్తపు సీరం పోసి విభజన చెందమంటున్నారు. అవి మామూలు ఫైబ్రోబ్లాస్ట్ (చర్మం లోపొరలోని సాధారణ కణం) దారి పట్టడంలో ఆశ్చర్యం లేదు.

1984లోనే జహోడా, హార్న్, ఆలివర్ ఎలుక మీసాల కుదుళ్ల నుంచి పెంచిన పాపిల్లా కణాలతో కొత్త వెంట్రుకలు మొలిపించారు. మనిషి కణాలతో అది అంత సులువుగా సాధ్యపడలేదు. ఎలుక కణాలు పళ్లెంలో తమంతట తామే గుంపులు కడతాయి, మనిషివి చదునుగా పరుచుకుంటాయి. ఈ తేడాను పట్టుకునే 2013లో హిగ్గిన్స్, జహోడా, క్రిస్టియానో బృందం మనిషి కణాలను వేలాడే చుక్కల్లో ఉండలుగా పెంచింది. చదును కల్చర్‌లో వేల జన్యువుల వ్యక్తీకరణ మారిపోతే, ఉండ కట్టాక అందులో సుమారు 22 శాతం వెనక్కి వచ్చింది. ఏడుగురు దాతల కణాల్లో ఐదుగురివి, ఎలుకలకు అతికించిన మానవ చర్మంలో వెంట్రుకలు మొలిపించాయి. నాకు ఆ 22 కంటే మిగిలిన 78 మీదే ధ్యాస. పాత స్వభావం పూర్తిగా తిరిగి రాకుండానే కణాలు పని చేశాయంటే, ఏ కొద్ది జన్యువులు కీలకమో వెతకాలి కదా.

బోస్టన్_తెలుగు
ఉండల పద్ధతి మా దగ్గర రోజూ వాడతాం. పళ్లెం మూత మీద 10 మైక్రోలీటర్ల చుక్కలో 3,000 కణాలు వేసి మూత తలకిందులు చేయడమే. అయితే తొలి పాసేజ్‌లలోనే చేయండి. బాగా సాగదీసిన కణాలు గట్టి ఉండ కట్టవు.

క్యూపీసీఆర్‌లో ఒక జాగ్రత్త. చదును కణాన్ని ఉండతో పోల్చేటప్పుడు కణం ఆకారాన్ని నిలిపే ప్రొటీన్ బీటా యాక్టిన్ జన్యువును ప్రమాణంగా పెట్టుకోకండి. కణం ఆకారం మారితే యాక్టినే మారుతుంది. అప్పుడు మిగతా జన్యువులన్నీ పెరిగినట్లో తగ్గినట్లో కనబడతాయి. రెండు మూడు ప్రమాణ జన్యువులు తీసుకుని, ముందు వాటి నిలకడ చూడండి. కల్చర్‌లో చేరే చిన్న బ్యాక్టీరియా మైకోప్లాస్మా ఉందేమో పరీక్షించడం కూడా తప్పనిసరి. అది కంటికి కనబడకుండానే జన్యు వ్యక్తీకరణను తారుమారు చేస్తుంది.

గణాంకం
ఒకే దాత కణాలను కల్చర్ పళ్లెంలోని మూడు గుంటల్లో వేస్తే ముగ్గురు దాతలు అయిపోరు. దయచేసి ఈ ఒక్క విషయం పట్టించుకోండి. దాతకూ దాతకూ వయసు, తీసిన చోటు, బట్టతల ఉందా లేదా అన్నీ మారతాయి. ప్రతి దాతకూ చదును, ఉండ రెండూ చేసి జతలుగా పోల్చండి.

గుంటూరు_ఫార్మసీ
మేము గుంటగలగరాకు సారాన్ని పరీక్షిస్తున్నాం. హాకాట్ కణాల మీద వీఈజీఎఫ్ (రక్తనాళాలను పెంచే ప్రొటీన్) పెరిగింది. దీన్ని వెంట్రుకల పెరుగుదలగా రాయవచ్చా?

పాత_ఇంక్యుబేటర్
రాయకూడదు. హాకాట్ చర్మపు పైపొర నుంచి వచ్చిన శాశ్వత కణ శ్రేణి, కుదురుది కాదు. అది సారం విషపూరితమా కాదా చూడటానికి పనికొస్తుంది. కనీసం పాపిల్లా కణాల మీదా, కుదురు బయటి తొడుగు కణాల మీదా విడివిడిగా చూడండి. వీలైతే పూర్తి కుదురునే కల్చర్ చేయండి. ఫిల్‌పాట్ బృందం 1990లోనే ఆ పద్ధతి చూపించింది, అందులో వెంట్రుక పొడవు పెరగడాన్ని నేరుగా కొలవవచ్చు.

జుట్టు పెరగడానికి వాడే మందు మినాక్సిడిల్ సంగతే చూడండి. అది పనిచేయాలంటే ముందు సల్ఫేట్‌గా మారాలి. ఆ పని చేసే ఎంజైమ్ కుదురు బయటి తొడుగులో ఉంటుంది. పాపిల్లా కణాలు ఒక్కటే ఉన్న పళ్లెంలో మందు పోసి ఫలితం సరిగా రాలేదంటే, తప్పు మందుదేనని ఎలా చెబుతాం? మీ ఆకు సారానికీ ఇదే వర్తిస్తుంది.

జుట్టు_రాలుతోంది
నేను శాస్త్రవేత్తను కాను. ఒక సీరం సీసా మీద 'జుట్టు జన్యువులను మేల్కొలుపుతుంది' అని చదివి ఇక్కడికి వచ్చాను. కొనమంటారా? ఇంకొక సందేహం. తిరుమలలో ఇన్ని తలనీలాలు పోగవుతాయి కదా, మీరంతా దాతల కోసం ఎందుకు వెతుక్కోవాలి?

బోస్టన్_తెలుగు
తలనీలాలు కత్తితో గీసినవి. చర్మం పైన ఉన్న వెంట్రుక జీవం లేని కెరటిన్. జన్యువులు చదివే కణాలు చర్మం లోపల, కుదురులో ఉండిపోతాయి. పీకిన వెంట్రుకకైతే బయటి తొడుగు కణాలు అంటుకుని వస్తాయి. 2008లో అలాంటి కెరటినోసైట్ల నుంచే మూలకణాలు తయారుచేశారు. అప్పుడు కూడా పాపిల్లా సాధారణంగా చర్మంలోనే మిగిలిపోతుంది, అందుకే శస్త్రచికిత్సలో తీసిన కుదుళ్లు కావాలి.

సీసా విషయానికి వస్తే, ఏ కణాల మీద పరీక్షించారు, మనుషుల మీద పరీక్ష జరిగిందా అని అడగండి. పళ్లెంలో ఒక జన్యువు పెరగడానికీ తల మీద వెంట్రుక మొలవడానికీ మధ్య చాలా దూరం ఉంది. ముందు చర్మవైద్యులను కలవండి. రాలడానికి థైరాయిడ్, ఇనుము లోపం లాంటి కారణాలు కూడా ఉంటాయి.

కుదురు_పరిశోధన
అందరికీ ధన్యవాదాలు. మీడియం మార్చే ఆలోచన మానేస్తున్నాను. రాబోయే దాతల కణాలతో రెండో పాసేజ్‌లోనే చదును, ఉండ జతలుగా చేసి, ఆర్‌ఎన్‌ఏ తీస్తాను. పాపిల్లాను తీసిన వెంటనే కొంత ఆర్‌ఎన్‌ఏకి పక్కన పెట్టమని మా గైడ్ అంటున్నారు. అది లేకుంటే దేనితో పోల్చాలి? ఎంత కణజాలం సరిపోతుందో చేసినవారు చెప్పండి.

పాత_ఇంక్యుబేటర్
ఒక్క పాపిల్లాలో కణాలు కొద్దిగానే ఉంటాయి. ఒకే దాతవి కలిపి తీయండి, వేర్వేరు దాతలవి కలపకండి. తీసిన వెంటనే ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రవంలో వేయండి. ఎన్ని పాపిల్లాలు కలిపారో పుస్తకంలో రాసి ఉంచండి, పరిశోధన పత్రంలో పటం కింద పాసేజ్ సంఖ్యతో పాటు అదీ పెట్టండి.