ఆక్టేవియాకు తాళం వేస్తే బీప్ శబ్దం రావాలంటే ఏం చేయాలి?

2018 నాటి స్కోడా ఆక్టేవియాను ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కారు కంప్యూటర్ సెట్టింగులు మార్చే ఓబీడీలెవెన్ పరికరం తగిలించి, మీటర్లను నడిపే కంప్యూటర్ భాగమైన 17వ మాడ్యూల్‌లో కోడింగ్ మార్చాను. ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటరు ముళ్లు చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తున్నాయి. ఎంత ముచ్చటగా ఉందో!

నాకు అసలు కావలసింది వేరు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇండికేటర్ల మెరుపు కనబడక, తాళం పడిందో లేదోనని నాన్నగారు మళ్లీ వెనక్కి వెళ్లి తలుపు లాగి చూస్తున్నారు. అందుకే 09వ మాడ్యూల్ సెట్టింగుల జాబితా అయిన అడాప్టేషన్‌లో బీప్ శబ్దం ఆన్ చేశాను. పరికరం అంగీకరించింది, శబ్దం మాత్రం రాలేదు. బండిలో అలారం హారన్ లేకపోతే ఇది పనిచేయదా? విడిగా బిగించవచ్చా? లైట్లు, వైపర్లు, తాళాలు ఆ మాడ్యూల్ అధీనంలోనే ఉంటాయి కనుక ఇంకేమీ కదపడానికి భయంగా ఉంది. పాత విలువలు రాసిపెట్టుకున్నాను. ఇదే కారులో చేసినవారు దయచేసి చెప్పండి.